పదోవాడు

గురువారం రాత్రి పదింటికి మా సెమినార్ ముగిసేసరికి గుంటూరులో శుక్రవారం ఉదయం ఏడున్నర అవుతుంది. నాన్న కాఫీ ముగించి, కాలేజీకి బయలుదేరే ముందు ఫోన్ చేస్తారు.

"ఏం చదివార్రా తల్లీ?"

చెప్తాను.

"ఏం తేల్చారు?"

ఏమీ తేల్చలేదంటాను.

"పోనీ, చివర్లో మీ మాస్టారు ఏం చెప్పారు?"

ఏమీ చెప్పలేదంటాను. అవతల కాసేపు మాట ఉండదు. స్కూటర్ తాళంచెవి వెతుక్కుంటున్నారనుకోవచ్చు. కానీ నాకు తెలుసు, ఆ మౌనం ఫీజు గురించి.

ఆయన ఇంటర్మీడియట్ పిల్లలకు లెక్కలు చెప్తారు. దశాబ్దాలుగా అదే పని. పిరియడ్ మొదలైన నిమిషం నుంచి గంట కొట్టేదాకా బోర్డు నింపుతూనే ఉండే మనిషికి, మాస్టారు నోరు మెదపని క్లాసు అంటే పెళ్ళికొడుకు లేని పెళ్ళి. నేనూ ఆ కార్ఖానాలో తయారైన సరుకునే. ఎంపీసీ చదివాను. ఏ ప్రశ్నకైనా నాలుగు జవాబులుంటాయని, అందులో ఒకటి తప్పకుండా ఒప్పని పదహారేళ్లకే నమ్మకం కుదిరింది. అలాంటిదాన్ని అన్నాపోలిస్‌లోని సెయింట్ జాన్స్ కాలేజీకి వచ్చిపడ్డాను.

ఈ కాలేజీ సంగతి కొంచెం చెప్పాలి. 1696లో కింగ్ విలియమ్స్ స్కూలుగా మొదలైంది, 1784లో కాలేజీ అయింది. ఇప్పుడున్న చదువు మాత్రం 1937 నాటిది. అప్పులపాలై, గుర్తింపు కూడా పోగొట్టుకుని, మూతపడేలా ఉన్న కాలేజీని స్ట్రింగ్‌ఫెలో బార్, స్కాట్ బుకానన్ అనే ఇద్దరు చేతిలోకి తీసుకుని, ఉన్న కోర్సులన్నీ ఊడ్చేసి, అందరికీ ఒకే చదువు పెట్టారు. ఇక్కడ డిపార్టుమెంట్లు లేవు. మేజర్లు లేవు. నాలుగేళ్లూ అందరూ అవే పుస్తకాలు చదువుతారు. హోమర్‌తో మొదలు. మొదటి ఏడాది యూక్లిడ్, ఆ తర్వాత టాలెమీ, మూడో ఏడాది న్యూటన్, చివర్లో ఐన్‌స్టీన్. రెండేళ్లు గ్రీకు, రెండేళ్లు ఫ్రెంచి. సోమవారం, గురువారం రాత్రి ఎనిమిది నుంచి పది దాకా సెమినార్. పెద్ద బల్ల చుట్టూ ఇరవై మంది దాకా విద్యార్థులు, ఇద్దరు ట్యూటర్లు. ఆ ఇద్దరిలో ఒకరు ఒక ప్రశ్న అడుగుతారు. అంతే. ఇక మా ఇష్టం.

ప్రొఫెసర్ అన్న పిలుపు ఇక్కడ లేదు. వాళ్లు ట్యూటర్లు. వాళ్లను మేమూ, మమ్మల్ని వాళ్లూ మిస్టర్, మిస్ అని ఇంటిపేరుతోనే పిలుచుకుంటాం. మా ఇంటిపేరు మా ఊళ్లో రేషన్ కార్డు మీద తప్ప ఎవరి నోటా విని ఎరగను. అది ఒక అమెరికా కుర్రాడి నోట వంకర్లు తిరుగుతూ బయటికి రావడం కొన్నాళ్లు వినోదంగా ఉండేది. మార్కులు వేస్తారు, కానీ అడిగితే తప్ప చెప్పరు. వాటి బదులు డాన్ రాగ్ అని ఒక తతంగం ఉంది. మన ట్యూటర్లంతా ఒక బల్ల దగ్గర చేరి, మనం ఎదురుగా కూర్చుని ఉండగానే, మనం లేనట్టే, "మిస్ ఫలానా ఈ మధ్య మాట్లాడటం తగ్గించింది, వినడం నేర్చుకుంటున్నట్టుంది" అంటూ ఒకరితో ఒకరు చెప్పుకుంటారు. ఆఖర్న మనవైపు తిరిగి, నువ్వేమంటావు అని అడుగుతారు. పెళ్లిచూపుల తర్వాత పక్క గదిలో జరిగే మాటలు పిల్లను కూర్చోబెట్టి వినిపించినట్టు ఉంటుందని అమ్మతో అంటే ఆవిడ పడీపడీ నవ్వింది. నాన్న నవ్వలేదు. "అంటే నిన్ను జోకొట్టడానికీ, జాడించడానికీ మాస్టార్లకు నోరొస్తుంది కానీ, పుస్తకంలో ఏముందో చెప్పడానికి రాదన్నమాట" అన్నారు.

ఆయన అభ్యంతరం తేలిగ్గా తోసేసేది కాదు. తెలియనివాళ్లు ఇరవై మంది ఒకచోట చేరితే తెలివి ఎక్కణ్ణుంచి పుడుతుంది? దీన్ని ఆయన పరమానందయ్య శిష్యుల కథతో మొదలుపెట్టారు. ఏరు నిద్రపోతోందో లేదోనని కొరివి ముంచి చూసే ఆ శిష్యులే, ఏరు దాటాక అందరూ ఉన్నారో లేదోనని లెక్కపెట్టుకుంటారు. లెక్కపెట్టే ప్రతివాడూ తనను తాను వదిలేస్తాడు. ఒకడు తగ్గాడు. మరొకడు లెక్కపెడతాడు, మళ్లీ ఒకడు తగ్గాడు. ఇక ఏడుపు. ఇదే కథ వేదాంతంలో పదిమందితో ఉంటుంది. శంకరాచార్యుల ఉపదేశసాహస్రిలో ప్రస్తావనగా వస్తుంది. విద్యారణ్యులు పంచదశి ఏడో ప్రకరణంలో దాన్ని విస్తరించి, అజ్ఞానం నుంచి తృప్తి దాకా ఒక్కొక్క మెట్టూ ఆ పదోవాడి మీదే చూపించారు. దారిన పోయే పెద్దమనిషి ఒకడు వచ్చి, ఏడుస్తున్నవాడితో, ఆ పదోవాడివి నువ్వేరా అంటాడు. కథ కంచికి.

"చూశావా," అన్నారు నాన్న. "ఆ పదిమందీ ఎన్ని సెమినార్లు పెట్టుకున్నా తొమ్మిదే తేలేది. బయటివాడొకడు రావాలి. వచ్చి చెప్పాలి."

దీనికి జవాబు నా దగ్గర సిద్ధంగా ఉందనుకున్నాను. మొదటి ఏడాది ప్లేటో రాసిన మీనో చదువుతాం. ఈ కాలేజీకి అది ఇలవేల్పు లాంటి పుస్తకం. 1938లో జర్మనీ వదిలి ఇక్కడికి వచ్చి, తర్వాత చాలాకాలం డీన్‌గా చేసిన జాకబ్ క్లైన్ దానిమీద ఒక పెద్ద వ్యాఖ్యానమే రాశాడు, 1965లో. మీనో అనే ధనికుడు సోక్రటీస్‌ను ఇరకాటంలో పెడతాడు. తెలియని దాన్ని ఎలా వెతుకుతావు? వెతుకుతుండగా అది ఎదురైనా, ఇదే అది అని ఎలా గుర్తుపడతావు? సోక్రటీస్ సూటిగా జవాబివ్వడు. ఆత్మ అనేక జన్మలెత్తింది, అన్నీ ముందే చూసింది, నేర్చుకోవడమంటే జ్ఞాపకం తెచ్చుకోవడమే అంటాడు. తెలుగువాళ్లకు పూర్వజన్మ అంటే కొత్తేముంది గనక. బల్ల చుట్టూ ఉన్నవాళ్లు ఆ మాట దగ్గర ఆగిపోతే నేను మాత్రం చల్లగా దాటి వెళ్లిపోయాను.

ఆ మాటకు రుజువుగా సోక్రటీస్ మీనో వెంట వచ్చిన బానిస కుర్రాణ్ణి ఒకణ్ణి పిలుస్తాడు. లెక్కలు రావు, గ్రీకు మాత్రం వచ్చు. నేలమీద రెండడుగుల భుజం ఉన్న చతురస్రం గీసి, దీనికి రెట్టింపు వైశాల్యం కావాలంటే భుజం ఎంతుండాలని అడుగుతాడు. నాలుగు అంటాడు కుర్రాడు. లెక్క చూస్తే ఎనిమిది కావలసిన చోట పదహారు. అయితే మూడు అంటాడు. తొమ్మిది. ఇక నాకు తెలియదంటాడు. అప్పుడు ప్రశ్న మీద ప్రశ్న వేసుకుంటూ వెళ్తే, చివరికి పాత చతురస్రం కర్ణం మీద కట్టిన చతురస్రమే రెట్టింపు అని కుర్రాడే ఒప్పుకుంటాడు. నేనేమీ చెప్పలేదు, అడిగానంతే, అంటాడు సోక్రటీస్.

నాన్నకు పుస్తకం పీడీఎఫ్ పంపాను. రెండు వారాలు ఏమీ అనలేదు. ఒక శుక్రవారం ఏడున్నరకు ఒకే ప్రశ్న అడిగారు.

"కర్ణం గీసింది ఎవరమ్మా?"

పుస్తకం తెరిచి చూశాను. కుర్రాడు గీయలేదు. మూల నుంచి మూలకు గీత తీసింది సోక్రటీసే. ఆ గీతకు పండితులు పెట్టిన పేరు చెప్పిందీ సోక్రటీసే. కుర్రాడు చేసిందల్లా అవును, కాదు, అంతే స్వామీ. ఈ సంగతి చాలామంది విమర్శకులు ఎత్తిచూపినదే. కానీ అది నాకు చేరింది గుంటూరు నుంచి. పైగా ఆయన అక్కడితో ఆగలేదు. కర్ణం మీద కట్టిన చతురస్రం రెట్టింపవుతుందని మన బౌధాయన శుల్బసూత్రంలో సూటిగా ఉంది, అది ప్లేటోకన్నా ముందుదని చాలామంది పండితుల లెక్క. యజ్ఞవేదిక కట్టేవాడికి తాడు ఎలా పట్టుకోవాలో చెప్పేశారు. ఎందుకో అడగలేదు, అడిగించలేదు. వేదిక మాత్రం వంకర లేకుండా లేచింది. "చెప్పినా అదే గీత, అడిగినా అదే గీత. మధ్యలో రెండు గంటలు ఎక్కడికి పోయాయి?" అన్నారు.

ఈ మాట నన్ను చాలారోజులు వదల్లేదు. గురువు లేడని మేం చెప్పుకునేది నిజం కాదని అప్పుడు అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది. గురువు ఉన్నాడు. కుర్చీలోంచి లేచి అల్మరాలోకి వెళ్లి కూర్చున్నాడు. ఇక్కడి వాళ్లే ఈ మాట గొప్పగా చెప్పుకుంటారు, మా అసలు ఉపాధ్యాయులు హోమర్, యూక్లిడ్, అగస్టీన్ అని. ఏ పుస్తకం చదవాలో ముందే నిర్ణయమై ఉంది. మొదటి ప్రశ్న ట్యూటర్ చేతిలో ఉంది. సోక్రటీస్ గీసిన కర్ణం లాంటివే ఈ రెండూ. పోనీ ఈ అల్మరా గురువులతో చిక్కేమిటంటే, వాళ్లను ఎదురు ప్రశ్న వేయలేం. ఈ చిక్కు చెప్పిందీ ప్లేటోనే, ఫీడ్రస్‌లో. రాసిన మాటను ఏది అడిగినా అదే మాట మళ్లీ చెబుతుంది, ఎవరితో మాట్లాడాలో ఎవరితో మాట్లాడకూడదో దానికి తెలియదు, దెబ్బలు తగిలితే తనను కాపాడుకోలేదు. రాతను నిందిస్తూ రాసిన ఆయన పుస్తకాలే ఇక్కడ మా గ్రంథసాహిబులు!

మన ఉపనిషత్తులు కూడా ఇదే సందిగ్ధంలో ఉన్నాయి, కాకపోతే దాచుకోలేదు. ఛాందోగ్యంలో సత్యకామ జాబాలుడి కథ చూడండి. గోత్రమేమిటో తెలియని పిల్లవాడు గౌతముడి దగ్గరికి వెళ్లి, మా అమ్మకే తెలియదట, అని ఉన్నమాట చెప్తాడు. గురువు చేర్చుకుంటాడు. చేర్చుకుని ఏం నేర్పాడు? నాలుగు వందల బక్క ఆవులను అప్పగించి అడవికి తోలాడు. అవి వెయ్యి అయ్యాక, బ్రహ్మంలో ఒక పాదం ఎద్దు చెప్పింది, ఇంకో పాదం నిప్పు, మరొకటి హంస, ఆఖరిది ఒక నీటిపక్షి. అంటే ఉన్న నాలుగు పాదాలూ గురువు లేకుండానే వచ్చేశాయి. తిరిగొచ్చిన కుర్రాడి ముఖం చూసి గౌతముడే అడుగుతాడు, నీకు ఎవరు చెప్పారు, తెలిసినవాడిలా వెలిగిపోతున్నావే అని. మనుషులు కారు, అంటాడు సత్యకాముడు. కానీ గురువు నోట విన్నదే గట్టిపడుతుందని విన్నాను, మీరు చెప్పండి, అంటాడు. అప్పుడు గురువు అవి చెప్పిందే చెప్పాడు, ఏదీ తగ్గలేదు.

ఆ కథ నాకు చాలా ఇష్టం. ఎద్దు, నిప్పు, పక్షి చెప్పిన దానిమీద గురువు కొత్తగా చేర్చిందేమీ లేదు. అయినా అడగాల్సి వచ్చింది. నాన్నకు ఇందులో గురువు గెలిచినట్టు కనిపిస్తుంది, నాకు ఆవులు గెలిచినట్టు. ఇద్దరం ఒకే కథ పట్టుకుని చెరోవైపు లాగుతాం.

అయితే ఈ గురువు గుమ్మం సంగతి కూడా చెప్పుకోవాలి. సత్యకాముణ్ణి చేర్చుకున్న కథే తర్వాత తలుపు మూయడానికి గడియ అయింది. బ్రహ్మసూత్రాల మొదటి అధ్యాయంలో శూద్రుడికి వేదవిద్య అర్హత లేదని వాదించే భాగం ఒకటుంది. అక్కడ ఈ కథనే సాక్ష్యంగా తెస్తారు. నిజం చెప్పాడు కాబట్టి బ్రాహ్మణుడేనని తేల్చుకున్నాకే గౌతముడు చేర్చుకున్నాడని, కాబట్టి తేల్చుకోకుండా చేర్చుకోకూడదని. శంకరులు దాన్ని అలాగే సమర్థించారు. ఏకలవ్యుడి సంగతి చెప్పక్కర్లేదు. మట్టిబొమ్మ ముందు నేర్చుకున్నవాడి దగ్గరికి అసలు గురువు వచ్చింది పాఠానికి కాదు, వేలికి. బల్ల చుట్టూ కూర్చునే ఈ పద్ధతిలో నాకు నచ్చేది మొదట ఇదే. కూర్చున్నాక ఎవరి కులగోత్రాలూ ఎవరూ అడగరు. కూర్చోవడానికి ముందు మాత్రం అమెరికా అడుగుతుంది, డబ్బు రూపంలో. 2018లో ఈ కాలేజీ ఫీజు యాభైవేల డాలర్ల పైనుంచి ముప్ఫై అయిదు వేలకు తగ్గిస్తున్నట్టు ప్రకటించినప్పుడు అందరూ వింతగా చెప్పుకున్నారు. ఆ ముప్ఫై అయిదు వేలు కూడా మా ఇంట్లో అంకెగా చదివితే ఒకలా, రూపాయల్లోకి మార్చి చదివితే ఇంకోలా ఉంటుంది. సాయం దొరికింది కాబట్టి వచ్చాను.

ఏకలవ్యుడి మాట ఎత్తితే నాన్న వాదన ఆగిపోతుందనుకున్నాను. ఆగలేదు. మాది మంగళగిరి నేతపని ఇల్లు. తాతయ్య గుంటమగ్గం మీద కూర్చుంటే నాన్న పక్కన కండెలు చుట్టేవారు. ఇంట్లో పుస్తకమంటే పంచాంగం ఒక్కటే, అది కూడా నిరుటిది. హైస్కూల్లో ఒక లెక్కల మాస్టారు ఆయన్ను సాయంత్రాలు తన వసారాలో కూర్చోబెట్టుకుని, డబ్బు తీసుకోకుండా, ఒక్కొక్క మెట్టూ చెప్పారు. విడమర్చి చెప్పారు. ఏం ఆలోచిస్తున్నావురా అని అడుగుతూ కూర్చోలేదు. "మా ఇంట్లో మాట్లాడుకోవడానికి ఏముందమ్మా? మగ్గం చప్పుడు. నాకు తెలియంది బయటికి లాగడానికి లోపల ముందు ఏదో ఉండాలిగా. పుస్తకాలున్న ఇళ్లలో పుట్టినవాళ్లకు మీ సెమినార్ సరిపోతుంది. వాళ్లకు గుర్తు తెచ్చుకోవడానికి ఉంటుంది. మాలాంటోడికి ఎవరో ఒకరు చెప్పాలి."

దీనికి నా దగ్గర జవాబు లేదు. మీనోలో కూడా లేదు. ఆత్మలన్నీ అన్నీ చూసే ఉంటే మంగళగిరి ఆత్మా చూసే ఉంటుంది కదా అనడం నోటిమాట. ఇక్కడ కూడా, మొదటి నెలల్లో బల్ల దగ్గర ధారాళంగా మాట్లాడేవాళ్లు ఎవరా అని చూస్తే, భోజనాల దగ్గర అమ్మానాన్నలతో వాదించి పెరిగినవాళ్లే. మిగతావాళ్లం వింటాం. వినడం కూడా చదువేనని ట్యూటర్లు అంటారు, నిజమే. కానీ ఎవరు వింటున్నారో ఎవరు మాట్లాడుతున్నారో ముందే రాసిపెట్టి ఉందేమోనన్న అనుమానం ఉన్నవాళ్లకు ఆ మాట అంత ఊరటనివ్వదు.

ఇంతలో యూక్లిడ్ వచ్చాడు. ఇక్కడ లెక్కల క్లాసంటే, ఒకరు లేచి, చేతిలో కాగితం లేకుండా, ఒక ప్రతిపాదనను బోర్డు మీద రుజువు చేయాలి. మొదటి పుస్తకంలో నలభై ఎనిమిది ఉన్నాయి. మొట్టమొదటిది అతి సులువు. ఇచ్చిన రేఖ మీద సమబాహు త్రిభుజం కట్టడం. రేఖ రెండు కొసలనూ కేంద్రాలుగా పెట్టి, ఆ రేఖే వ్యాసార్ధంగా రెండు వృత్తాలు గీయాలి. అవి ఖండించుకున్న చోటు మూడో శీర్షం. అయిపోయింది. ఇంటర్ చదివినవాళ్లు కళ్లు మూసుకుని చేస్తారు. బోర్డు దగ్గర కుర్రాడు ముగించి సుద్దముక్క కింద పెట్టబోతుంటే, స్కూల్లో లెక్కలంటే భయపడ్డానని తనే చెప్పుకునే అమ్మాయి ఒకామె అడిగింది, ఆ రెండు వృత్తాలూ కలుస్తాయని మనకెలా తెలుసు?

కనిపిస్తోందిగా అన్నాడతను. బొమ్మలో కనిపిస్తోంది, కానీ స్వీకృతాల్లో ఎక్కడుంది, అందామె. అందరం స్వీకృతాలు తిరగేశాం. లేదు. ట్యూటర్ ఒక్క ముక్క అనలేదు, అతనికి ముందే తెలుసని ముఖం చూస్తే తెలుస్తోంది. గంట గడిచింది. చివరికి మేం తేల్చింది ఒకటే, యూక్లిడ్ దీన్ని ఎక్కడా రుజువు చేయలేదు. ఆ ఖాళీలను హిల్బర్ట్ 1899లో ఎలా పూడ్చాడో మాకు ఎవరూ చెప్పలేదు. నాకు నేనుగా తర్వాత తెలుసుకున్నాను.

ఆ శుక్రవారం నాన్నకు ఇది చెప్పాను. మాస్టారు ఏం చెప్పారని ఆయన ఈసారి అడగలేదు. లైను తెగిందేమో అనుకున్నాను. తెగలేదు. "ఇన్నేళ్లుగా చెప్తున్నాను, ఏ పిల్లా అడగలేదు," అన్నారు. ఇంకాసేపటికి, "నేనూ అడగలేదు." సాయంత్రం మళ్లీ ఆయనే ఫోన్ చేశారు, నాకది తెల్లవారుజాము. గొంతులో ఉత్సాహం ఆగడం లేదు. అకరణీయ సంఖ్యలు మాత్రమే ఉన్న తలాన్ని ఊహించుకో, అన్నారు. రేఖ పొడవు ఒకటి అనుకో. వృత్తాలు ఖండించుకోవలసిన బిందువు ఎత్తు, మూడుకు వర్గమూలంలో సగం. అది ఆ తలంలో లేనే లేదు. రెండు వృత్తాలూ ఒకదాన్నొకటి తాకకుండానే దాటుకుపోతాయి! ఎవరూ చెప్పకుండానే ఆయనకు ఇది తట్టింది. ఎవరూ చెప్పకుండా అనడం కూడా సరికాదు. లెక్కలంటే భయపడే ఒక అమెరికా పిల్ల అడిగితే తట్టింది.

ఇక్కడికి వచ్చాక పదోవాడి కథ నాకు వేరేగా కనిపించడం మొదలైంది. ఆ పదిమందికీ లోటు బయటివాడు కాదు. ఒకడు లెక్కపెడుతుంటే మిగతా తొమ్మిదిమందీ ఎదురుగా నిలబడి చూస్తున్నారు. అతను తనను వదిలేశాడని వాళ్లలో ఎవరికైనా కనిపించాలి. నువ్వు నిన్ను లెక్కపెట్టుకోలేదురా అని ఒక్కడు అని ఉంటే చాలు. కథలో ఎవడూ అనడు. రెండోవాడు మొదటివాడి లెక్కను అడ్డుకోడు, అదే తప్పు తనూ చేస్తాడు. అంటే వాళ్లు పదిమంది కలిసి కూర్చోనే లేదు, పదిసార్లు ఒక్కడే కూర్చున్నాడు.

నాన్న దీనికీ ఒప్పుకోలేదు. ఆ ఒక్క మాట అన్నవాడే గురువు కదా, అంటారు. లోపలివాడైతేనేం, బయటివాడైతేనేం. ఆ లెక్కన లెక్కలంటే భయపడే ఆ పిల్లే ఆ పూటకు మా గురువు. సరే, ఇది నాకు అభ్యంతరం కాదు.

మా ఇద్దరి మధ్య మిగిలిన తగాదా ఇంకొంచెం సన్నటిది. చిత్రమేమిటంటే అది వేదాంతుల మధ్య వెయ్యేళ్లుగా ఉన్న తగాదానే. నువ్వే పదోవాడివి అన్న మాట చెవిన పడగానే జ్ఞానం కలిగిందా, లేక ఆ మాట విన్నాక వాడు తన గుండె మీద చెయ్యి వేసుకుని మళ్లీ లెక్కపెట్టుకుంటేనే కలిగిందా? మాటే చాలు, శబ్దం నుంచే సాక్షాత్కారం అంటారు ప్రకాశాత్ముడి వివరణ పక్షంవాళ్లు. కాదు, విన్నది మనసులో నలిగి, ధ్యానంతో పండి, ఆ మనసుతోనే తెలియాలి అంటుంది వాచస్పతి మిశ్రుడి భామతి. నాన్నది వివరణ పక్షం. తాను బాగా చెప్తారు కాబట్టి చెప్తే చాలునంటారు. ఈ మాట ఆయనతో అన్నాను కూడా. "నీది భామతి పక్షం ఎందుకంటే నీకు రెండు గంటలు టైముంది" అన్నారు.

నా వైపు నుంచి ఒక్క ఆధారం ఉంది, దాన్ని పట్టుకునే చివరి ఏడాదిలో రాయాల్సిన సీనియర్ వ్యాసం రాయాలని చూస్తున్నాను. మీనో కుర్రాడి మాటలన్నీ ఒకచోట రాసుకున్నాను. అవును, కాదు, నాలుగు, మూడు, తెలియదు. అందులో ఒక్క ప్రశ్న కూడా లేదు. సోక్రటీస్ అడిగాడు, కుర్రాడు చెప్పాడు, ఆ కుర్రాడు ఒక్కసారైనా తిరిగి అడగలేదు. ఎందుకు గీస్తున్నావు ఈ గీత అని కూడా. బృహదారణ్యకంలో గార్గి అలా కాదు. ఇది దేనిమీద నేసి ఉంది, అది దేనిమీద, అంటూ యాజ్ఞవల్క్యుణ్ణి నిలదీస్తూ పోతే, ఇంకా అడిగితే నీ తల తెగిపడుతుందని ఆయన బెదిరించాల్సి వచ్చింది. ఆమె ఊరుకుంది. ఆ సభలోనే కాసేపటికి లేచి, ఇంకో రెండు ప్రశ్నలున్నాయంది. గురువు చెప్పాడా అడిగాడా అన్నది కాదు, శిష్యుడు ఎదురు అడగగలిగాడా అన్నది చూడాలని నా వాదం. ఆ కుర్రాడు ఎలా అడుగుతాడు, బానిస. యజమాని పక్కనే నిలబడి ఉన్నాడు. పాఠం గురించి మాట్లాడుకోవడం అయ్యాక ప్లేటో వాణ్ణి మళ్లీ తలవడు. పుస్తకం మంచితనం గురించి సాగిపోతుంది, కుర్రాడు మీనో సామాన్లు మోసుకుంటూ వెళ్లిపోయి ఉంటాడు.

వ్యాసం పూర్తయ్యాక దానిమీద గంటసేపు బహిరంగంగా ముగ్గురు ట్యూటర్లు ప్రశ్నిస్తారు, ఎవరైనా వచ్చి వినొచ్చు. నాన్నను వీడియోలో చూడమన్నాను. చూస్తానన్నారు, కానీ వాదన మాత్రం వదల్లేదు. యూక్లిడ్ మొదటి ప్రతిపాదన సంగతి ఆయన క్లాసులో ఒకరోజు అడిగి చూశారట, ఆ వృత్తాలు కలుస్తాయని ఎలా తెలుసురా అని. పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారట. చివరి బెంచీలో ఒకడు లేచి, ఇది పరీక్షకు వస్తుందా సార్ అన్నాడట. రాదన్నారట. వాడు కూర్చున్నాడట. ఇంకా కలనగణితం సగం మిగిలే ఉంది, బోర్డు తుడిచి సమాకలనాల్లోకి వెళ్లిపోయారు.

"ఆ కుర్రాడికి ఎంసెట్ ఉండి ఉంటే," అన్నారు నాన్న, "మీ సోక్రటీస్ కూడా మొదటి నిమిషంలోనే కర్ణం గీసేసేవాడమ్మా."

ఉండేది కాదు నాన్నా, అన్నాను. బానిసలకు హాల్‌టికెట్ ఇవ్వరు.